పిల్లవైపు ముడి

నూజివీడు,
20–7–1948.

కోడూరు తోటల్లో వెలసిన మావయ్యగారి పాదాలకు, బందరు కాలేజీలో బి.ఏ. అనే జబ్బు చేసి ఈమధ్యే కోలుకున్న మేనల్లుడు శౌరి దణ్ణం పెట్టి రాసేది.

ఇక్కడ వానలు బాగున్నాయి. బసవమ్మత్తయ్య నోరు అంతకంటే బాగుంది. నా ఉద్యోగం సంగతి అడక్కండి. ప్రభుత్వానికి నేను దొరకలేదు, నాకు ప్రభుత్వం దొరకలేదు. వెతుక్కుంటున్నాం.

ఇక అసలు కబురు. దేశానికి స్వరాజ్యం వచ్చి ఏడాది కావస్తుంటే మా ఇంట్లో ఇప్పుడు సత్యాగ్రహం మొదలైంది. చేస్తున్నది నాన్న కుడిచెయ్యి. మొన్న చిన్నరసం చెట్టుకింద మంచెమీద కూర్చుని అంటు కడుతుండగా, ఇక పని చెయ్యనని భీష్మించింది. అన్నం ముద్ద కూడా ఎత్తనంటోంది. కాలూ కదలనంటోంది. నాన్న మూతి తిప్పుకుని పడుకున్నారు. అత్తయ్య పొద్దునా సాయంత్రం నూనె రాసి రాజీ ప్రయత్నాలు చేస్తోంది. డాక్టరుగారు వచ్చి చూసి, నా బి.ఏ.ని గౌరవించి ఇంగ్లీషులో పెదవి విరిచి వెళ్ళారు.

ఆ రోజు కట్టాల్సిన కుండీల్లో చివరిది సగం కట్టుమీదే ఉండిపోయింది. తల్లికొమ్మా చెక్కారు, పిల్లమొక్కా చెక్కారు, రెండు ఒళ్ళూ ఆనించారు, అరటినార చుట్టారు. ముడి పడలేదు. నార చివర ఎడమచేత్తో పట్టుకుని నా వంక చూశారు. నేను మంచె ఎక్కి ముడి వేశాను. నాకొచ్చిన ముడి ఒకటే, కాలేజీలో బూటు లేసుకి వేసేది. మా తోటలో ఇప్పుడు ఒక అంటుకి సీతాకోకచిలక వాలినట్టు ముడి ఉంది. నాన్న చూసి సగం నవ్వారు. మిగతా సగం సత్యాగ్రహంలో ఉంది.

కార్తీకం ముందే అంట్లు అతుక్కుని, తల్లికొమ్మనుంచి వేరు చేసే కోతకి రావాలి. కట్టిన చెయ్యే కొయ్యాలి, అది కుదరకపోతే పనిలో దానికి సాటి చెయ్యి కొయ్యాలి అని మీ ఇద్దరి శాస్త్రం. సాటి చెయ్యి ఈ జిల్లాలో లేదని మీకూ తెలుసు, ఆయనకీ తెలుసు. ముడి పిల్లవైపు వెయ్యాలని ఆయనా, తల్లివైపు వెయ్యాలని మీరూ పోట్లాడుకున్న ఏడు, అంట్లన్నీ మాడిపోయి, మీరు మా తోట గట్టుమీద నిలబడి “ఇంక ఈ గట్టు తొక్కితే నీమీద ఒట్టు బావా” అని వెళ్ళిపోయారు. అప్పుడు నేను చెట్టుమీద ఉన్నాను. మీ ఇద్దరికీ ఉన్న ఒకే ఒక్క సాక్షిని.

నాన్న నోరు తెరిచి అడగరు. మంచం వాకిట్లో వేయించుకుని గట్టువైపు చూస్తున్నారు. గట్టుమీద చూడ్డానికి ఏముంది మావయ్యా? ఒకసారి వచ్చి చూసి చెప్పండి.

మీ ముద్దుల నిరుద్యోగి,
శౌరి


కోడూరు,
30–7–48.

చిరంజీవి శౌరికి మావయ్య దీవించి రాయునది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నవ్వొచ్చింది, ఒకసారి ఒళ్ళు మండింది. మీ నాన్న పని మానేసి, అన్నం మానేసి, మూతి తిప్పుకుని పడుకుంటే నేను ఉన్నపళాన రైలెక్కి రావాలా? సత్యాగ్రహం తెల్లవాడి మీద చెయ్యాలి గాని బావమరిది మీద కాదని చెప్పు. ఆయన చెయ్యి మొదట్నించీ మొండిదే. నన్ను రప్పించాలని ఉంటే ఒక్క ముక్క రాయించలేడా? నీచేత ఈ నాటకాలు రాయిస్తాడా? నువ్వు మీ అమ్మ పోయిన ఏడే చెట్టెక్కి కూర్చుని పిట్టలాగా కూసి అందర్నీ ఏడిపించినవాడివి. నీ మాట నమ్మి రైలు టిక్కెట్టు కొనేవాణ్ణి కాను.

ఇక్కడి వాళ్ళు అంటుని ఒట్టు అంటారు. ఒట్టు కట్టాలి నాయనా, ఒట్టు కొయ్యాలి నాయనా అని రోజూ వింటూనే ఉన్నాను. విన్నప్పుడల్లా మీ గట్టు గుర్తొస్తుంది. నా ఒట్టు అలాగే ఉంది.

ఈ తోటలో పెద్ద పనివాడు సుబ్బారావని, ముసలాయన, మొన్న కాలం చేశాడు. కొడుకులు దండలూ బాజాలూ అన్నీ తెచ్చారు. కాలి బొటనవేళ్ళు కలిపి కట్టాల్సి వచ్చేసరికి నన్ను పిలిచారు. అంటు కట్టేవాడు పోతే మరో అంటు కట్టేవాడే కట్టాలి గదా, అరటినారతో, పని ముడితో. ఆ పద్ధతి ఇక్కడా ఉంది. తడి నార తీసుకుని కట్టాను. జనం ఎవరూ చూడలేదు. కాని ఆయన పని తెలిసినవాడు ఒకడు వచ్చి కట్టాడన్న గౌరవం ఆయనకి దక్కింది. అది చాలు.

ఇదంతా మీ నాన్నకి చదివి వినిపించకు. బసవమ్మ వదినకి నమస్కారాలు.

నీ మావయ్య,
లక్ష్మీనరసింహారావు


(కార్డు)

నూజివీడు,
6–9–1948.

మావయ్యగారికి శౌరి నమస్కారాలు. మా ఇంట అంటు. వచ్చే బుధవారానికి మీరు తప్పక రావాలి. నార సంగతి, ముడి సంగతి మీరు రాసిందే. ఇంతకంటే రాయకూడదని అత్తయ్య పక్కనే నిలబడి ఉంది.

శౌరి


కోడూరు,
11–9–48.

ఒరే శౌరీ,

కార్డు అందింది. చవితి వెళ్ళి శుక్రవారం అందింది, మంచి రోజు. మీ ఇంట అంటు అని చదవగానే కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను. అయితే సత్యాగ్రహం విరమించాడన్నమాట. భాద్రపదంలో కొత్తగా కట్టడమేమిటి, ఆలస్యం కాదూ అనుకున్నాను. తరవాత నాకే తట్టింది. పట్టుదల మనిషి, పోయిన రోజులు పూడ్చుకోవాలని మళ్ళీ మంచె ఎక్కి ఉంటాడు. కార్డు మూల నల్లగా ఉంది, మామిడి సొన అంటినట్టుంది. మా బావ చేతి సొనే అయి ఉంటుందని వేలితో తడిమి చూశాను. నవ్వకు.

బుధవారానికి రాలేను. ఒట్టు సంగతి అలా ఉంచు, ఇక్కడ నా కుండీలు కోతకొచ్చాయి, ఒక్కరోజు కదిలినా పాడవుతాయి. కాని ఈ కింద రాసింది మీ నాన్నకి చదివి వినిపించు. ముందు ఉత్తరం వినిపించొద్దన్నాను గాని ఇది వినిపించు.

బావా, నేను లక్ష్మీనరసింహాన్ని. నువ్వు శౌరి చేత నార సంగతి, ముడి సంగతి అని రాయించావు. చూశాను. ముడి ఏవైపు వేస్తున్నావో నేనడగను, నన్నూ నువ్వడగొద్దు. ఆ ఏడు అంట్లు మాడిపోయింది నీ ముడికీ కాదు, నా ముడికీ కాదు. వాన లేక. ఆ సంగతి మనిద్దరికీ అప్పుడే తెలుసు. సంక్రాంతి వెళ్ళాక నువ్వే బయల్దేరి కోడూరు రా. నేను రావడానికి ఒట్టుంది గాని నువ్వు రావడానికి లేదు గదా. బెజవాడలో మెయిలెక్కితే మధ్యలో ఒక్కచోటే మారాలి. స్టేషన్లో నేనుంటాను. గడ్డం పెంచాను, పోల్చుకో.

లక్ష్మీనరసింహం


నూజివీడు,
18–9–1948.

మావయ్యగారికి,

ఈ ఉత్తరంలో వేళాకోళం లేదు. ఉన్నట్టనిపిస్తే నా రాత అలవాటే తప్ప నేను కాదు.

నాన్న పోయారు. కార్డు రాసిన ముందురోజు, ఆదివారం తెల్లవారుతుండగా. నేను రాసిన సత్యాగ్రహం పక్షవాతం. ఆ మాట రాయడానికి చెయ్యి రాక అలా రాశాను. మీ మొదటి ఉత్తరం వద్దన్నా చదివి వినిపించాను. సుబ్బారావుగారి కాళ్ళకి మీరు నార కట్టిన చోట మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. మీకు నిజం రాస్తానని కలం తీస్తే ఎడమచేత్తో లాక్కున్నారు. “జాలిపడి రాకూడదు, రావాలని రావాలి.” ఆ మాట ఆయన నోట్లోంచి రావడానికి ఎంతసేపు పట్టిందో మీరు ఊహించుకోండి. ఆయన మాట నేను విన్నది అదొక్కసారే. వినకుండా ఉండాల్సింది.

కార్డు సంగతి. చావు మాట కార్డుమీద రాయకూడదు, పోస్టుబంట్రోతు చదువుతాడు, మైల అని రాస్తే అందరికీ తెలుస్తుంది, అంటు అన్నా మైలే, అంటు అని రాయి, మూల నలుపు పుయ్యి అని అత్తయ్య చెప్పింది. పూశాను. సిరా అది, సొన కాదు. తంతి ఇద్దామంటే నవాబు రాజ్యంతో సరిహద్దు గొడవల్లో మిలిటరీ తంతులు ముందు వెళ్ళాలన్నారు. విస్సన్నపేట రోడ్డంతా అవతలనుంచి మూటలతో వచ్చేవాళ్ళు. ఆ గోలలో ఒక్క మనిషి పోయాడని చెప్పడానికి నోరు రాలేదు.

పాడె కట్టారు. బొటనవేళ్ళు కట్టాలన్నారు. ఊళ్ళో వాళ్ళు పురికొస తెచ్చారు. నేను వద్దన్నాను. అరటిచెట్టు దగ్గరికెళ్ళి నార చీల్చి తెచ్చాను, తడిపాను. అందరూ నావైపే చూస్తున్నారు. జీవితమంతా ముళ్ళు వేసినవాడికి, ఆ పని తెలిసినవాడొకడు వచ్చి ముడి వెయ్యాలి. గట్టువైపు చూశాను, నాన్న చూసినట్టే. మీరు రాలేదు. నేనే కట్టాను. లేసు ముడి. ఆయన కాళ్ళమీద కూడా సీతాకోకచిలక వాలింది మావయ్యా. ఎవరో ముసిముసిగా నవ్వారు కూడా. నేనే అయి ఉంటాను.

దినం అయిపోయాక మర్నాడు మీ రెండో ఉత్తరం వచ్చింది. బావా అని మొదలుపెట్టిన దాన్ని ఎవరికి వినిపించమంటారు? ఆయన మంచం వేసే చోట నిలబడి చదివాను. గడ్డం పెంచాను పోల్చుకో అన్నదాకా చదివాను.

అంట్లు బాగున్నాయి. అత్తయ్య నీళ్ళు పోస్తోంది.

శౌరి


కోడూరు,
24–9–48.

శౌరీ,

నువ్వు పులి అంటే నేను మేక అనుకునేవాణ్ణి ఎప్పుడూ. ఈసారి కూడా అలాగే చదువుదామని చూశాను. చివరిదాకా చదివినా ఎక్కడా వేళాకోళం దొరకలేదు.

చావుకబురు కార్డు చదవగానే చింపి బయట పారెయ్యాలి. నేనేం చేశానో తెలుసా? పూజ దగ్గర పెట్టాను. చవితి వినాయకుడి పక్కన పెట్టి, మా బావ చెయ్యి మళ్ళీ పనిలో పడిందని కొబ్బరికాయ కొట్టాను. నిన్న నీ ఉత్తరం వచ్చాక దాన్ని తీసి చింపుదామంటే చింపలేకపోయాను.

దినానికి రాలేదని ఊళ్ళో ఏమనుకుంటున్నారో నాకు చెప్పనక్కరలేదు. నేను అనుకునేదే ఎక్కువ. కోతకైనా రావాలని ఉంది. కాని గట్టు తొక్కలేను. నీమీద ఒట్టు బావా అన్నాను. ఎవరిమీద పెట్టిన ఒట్టు వాళ్ళే తియ్యాలి. తీసేవాడు లేడు. ఇది వంక కాదు. నువ్వు చదువుకున్నవాడివి, నీకు నవ్వులాటగా ఉంటుంది. నాకు రాత్రి పడుకుంటే అదే గట్టు.

వేరే చెయ్యి ఎవరిదైనా చూసి కోయించు.

లక్ష్మీనరసింహం


నూజివీడు,
1–10–1948.

మావయ్యగారి సముఖానికి, ఒట్ల వ్యవహారాల న్యాయస్థానం, నూజివీడు, తీర్పు:

మీరు నాన్నమీద ఒట్టు పెట్టారు. గట్టు తొక్కితే నాన్నకి కీడు జరగాలి. నాన్నకి ఇంక జరిగే కీడేముంది? జరగాల్సినవన్నీ మీరు గట్టు తొక్కకుండానే జరిగిపోయాయి. కాబట్టి ఒట్టు పని చెయ్యదు. ఇది మొదటి పాయింటు.

రెండోది. ఆయన లేకపోతే ఆయన ఆస్తీ అప్పూ నావే అని కరణంగారు చెప్పారు. ఒట్టు కూడా అందులోదే. అందుచేత నిన్న సాయంత్రం అత్తయ్యని సాక్షిగా తీసుకెళ్ళి, గట్టుమీద నిలబడి, చిన్నప్పుడు గోళీలాటలో తీసినట్టే మీ ఒట్టు తీసి గట్టున పెట్టాను. అత్తయ్య నవ్వుతుందనుకున్నాను. కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే కూర్చుంది.

మూడోది పాయింటు కాదు. వేరే చెయ్యి చూడమన్నారు. జి. కొండూరు నుంచి ఒకాయన వచ్చి చూశాడు. కత్తి తీసినవాడు మంచెమీద కట్లు చూసి, నాన్న పేరెత్తి, “పున్నారావుగారి కట్లండీ ఇవి, మనవల్ల కాదు” అని కత్తి మడిచి వెళ్ళిపోయాడు. అతుకు దగ్గర కణుపు ఉబ్బింది. ఇంకా ఆలస్యమైతే నార లోపలికి దిగిపోతుందని మీకు తెలుసు. కాళ్ళకి మీరు కట్టలేకపోయారు. ఇది మిగిలి ఉంది. ఇదికూడా మీరు రాకుండా జరిగిపోతే ఆయన పనికి సాటి పనివాడు దణ్ణం పెట్టకుండానే ఆయన వెళ్ళిపోయినట్టు. నేను దణ్ణం పెడితే అది కొడుకు దణ్ణం. దానికి విలువ లేదు, ఎలాగూ పెడతాడు.

నాకు బెజవాడలో ఒక గుమాస్తా ఉద్యోగానికి పిలుపు వచ్చింది. కొన్నాళ్ళు అక్కడే ఉండాలి. నేను లేకుండా వచ్చినా ఫరవాలేదు. రావాలని రండి.

శౌరి


కోడూరు,
19–10–48.

చిరంజీవి శౌరికి,

వచ్చాను, కోశాను. నువ్వు లేవు. బసవమ్మ వదిన అన్నం తినమంది, తినలేకపోయాను, ఏమీ అనుకోవద్దని చెప్పు.

అంట్లన్నీ కలిశాయి. ఒక్కటి కూడా పోలేదు. అలాంటి కట్లు నేను కోస్తానని ఎన్నడూ అనుకోలేదు. కోసినవన్నీ నీడన పెట్టాను, ఎండ తగలనివ్వొద్దు. చివరి కుండీ కొయ్యలేదు. మరిచిపోయి కాదు. దాని ముడి వేరే చేతిది. కట్టిన చెయ్యి ఉండగా నేను కొయ్యకూడదు. నువ్వే కొయ్యి. కత్తి వదిన దగ్గర పెట్టాను. ముందు సగం గాటు పెట్టు, వారం ఆగి తక్కినది తెంపు. చెయ్యి వణికితే ఆ రోజు మానెయ్యి.

ఉద్యోగం ఏమైంది? నీ ఉత్తరాల్లో వేళాకోళం తగ్గించకు. ఇకమీద దాన్ని జాగ్రత్తగా చదువుతాను.

నీ మావయ్య


నూజివీడు,
2–11–1948.

మావయ్యగారికి శౌరి రాసేది.

ఉద్యోగం రాలేదు. బి.ఏ. ఉందా అన్నారు, ఉందన్నాను, అందరికీ ఉందన్నారు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య అంతా చెప్పింది. మీరు బస్సు దిగి చంకలో ఒక కుండీ పట్టుకుని వచ్చారట. గట్టుదాకా వచ్చి ఆగిపోయారట. “రావయ్యా నరసింహం, పిల్లాడు ఒట్టు తీసేశాడు గదా” అంటే, “ఎక్కడ పెట్టాడు వదినా” అని అడిగారట. చూపించిందట. మీరు ఆ చోటనే కుండీ దించి, చెప్పులు విడిచి, గట్టు దాటారట. కోడూరులో అంటుని ఒట్టు అంటారని మీరు రాసిన ముక్క అత్తయ్యకి తెలియదు. నాకు తెలుసు. ఒట్టు తెచ్చి గట్టున పెట్టారు.

తరవాత మంచె ఎక్కి ప్రతి కట్టునీ కళ్ళకద్దుకుని మరీ కోశారట. “దణ్ణం పెట్టింది చెట్టుకి కాదురా, ముడికి” అంది అత్తయ్య. మీరు ఏడిస్తే చూద్దామని నిలబడిందట. ఏడవలేదట. దిగేటప్పుడు మాత్రం నిచ్చెన ఎక్కడుందో కనిపించనట్టు తడుముకున్నారట.

నేను వెళ్ళి ఆ కుండీ చూశాను. గట్టుమీదే ఉంది, అత్తయ్య కదపనివ్వలేదు. మీ కోడూరు అంటు, మీ చేతి కట్టు, నార ఇంకా విప్పలేదు. చాలాసేపు చూశాను. నేను పట్టభద్రుణ్ణే గాని తల్లివైపేదో పిల్లవైపేదో ఆమాత్రం తెలుసు. ముడి పిల్లవైపు ఉంది మావయ్యా.

ఎప్పటినుంచి వేస్తున్నారు అలా? ఈ ఒక్కదానికేనా, అక్కడికెళ్ళినప్పటినుంచీనా? ముడి సంగతి నన్నడగొద్దని ఆయనకి మీరెందుకు రాశారో ఇప్పుడర్థమైంది. ఈ ముక్క ఆయన ఉండగా తెలిసి ఉంటే ఆయన ఏం చేసేవారో నాకు తెలుసు. సగం నవ్వేవారు.

దాన్ని నాన్నని దహనం చేసిన మూల నాటాం. అత్తయ్య నీళ్ళు పోసింది, నేను మట్టి తోశాను. నార విప్పలేదు. విప్పాల్సినప్పుడు కట్టిన చెయ్యి వచ్చి విప్పాలి.

ఇక ఆ చివరి కుండీ. మీరు చెప్పినట్టు కత్తి తీసుకుని మంచె ఎక్కాను. చెయ్యి వణకలేదు. అదే బాధ. ముడి చూస్తే నా బూటు లేసు, దాని కింద చుట్టిన నార నాన్నది. ఆ పక్క చెక్కింది నాన్న, ఈ పక్క ముడివేసింది నేను. మా ఇద్దరి చేతులూ కలిసి ఉన్నది ఇక లోకంలో అక్కడొక్కచోటే. కోస్తే మొక్క బతుకుతుందని మీరంటారు. నిజమే. ఆ బతుకు సంగతి తరవాత చూద్దాం. కత్తి మడిచి దిగొచ్చాను.

మీరు శాస్త్రం చెబుతారని తెలుసు. నార దిగిపోతుంది, కొమ్మ పాడవుతుంది అంటారు. నేనేం చెయ్యను. మీరు ముందర నిలబడి నా చెయ్యి పట్టుకుని కోయిస్తే తప్ప ఆ అంటు కొయ్యను. మీమీద ఒట్టు.

ఒట్టు తియ్యాల్సింది మీరే. గట్టు ఎక్కడుందో మీకు తెలుసు.

శౌరి